ఐన్‌స్టీను మిత్రుడు మార్సెల్ గ్రాస్‌మన్

పరీక్షలు సమీపించినప్పుడు తోడి విద్యార్థి నోటుపుస్తకమును ఎరువడుగని బాలుడు ఏ పాఠశాలయందును ఉండడు. ఇచ్చినవాడు కొన్ని దినములలో ఆ సంగతి మరచిపోవును. పుచ్చుకొన్నవాడు అంతకంటె ముందుగనే మరచిపోవును. అయితే స్విట్జర్లండు దేశమునందలి జ్యూరిచ్ నగరములో 1896 మొదలు 1900 వరకు ఒక విద్యార్థి మరియొకనికి ఎరువిచ్చిన పుస్తకములు శాస్త్రచరిత్రలో నిలిచిపోయినవి. పుచ్చుకొన్నవాడు ఆల్బర్ట్ ఐన్‌స్టీన్. ఆయన పేరు విననివారు అరుదు. ఇచ్చినవాడు మార్సెల్ గ్రాస్‌మన్. గురుత్వాకర్షణమును గూర్చి పరిశోధించు పండితులందరును ఈయన పేరును గౌరవముతో స్మరింతురు గాని, పాఠశాలలలో చదువుకొను బాలబాలికల చెవికి అది అంతగా సోకలేదు. ఈయన చరిత్రమును ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

గ్రాస్‌మన్ 1878 ఏప్రిల్ 9వ తేదీన హంగరీ దేశపు ముఖ్యపట్టణమైన బుడాపెస్టులో జన్మించెను. తలిదండ్రులు స్విట్జర్లండు దేశస్థులు. తండ్రి ఆ నగరమున వ్యవసాయయంత్రములు చేయు కర్మాగారమును నడుపుచుండెను. బాలునికి పదునైదేండ్లు వచ్చునప్పటికి కుటుంబము స్వదేశమునకు మరలివచ్చి బాసెల్ పట్టణమున నివసించెను. 1896లో గ్రాస్‌మన్ జ్యూరిచ్ పాలిటెక్నిక్ అను ఉన్నత విద్యాలయమున ప్రవేశించి, గణితమును భౌతికశాస్త్రమును బోధింపగోరు వారికై యేర్పడిన తరగతిలో చేరెను. ఆ తరగతిలో విద్యార్థులు మిక్కిలి కొలదిమంది. వారిలో ఆయనకంటె పదకొండు నెలలు చిన్నవాడగు ఐన్‌స్టీన్ ఒకడు.

ఈ యిద్దరి స్వభావములును ఉత్తరదక్షిణములు. గ్రాస్‌మన్ ప్రతి పాఠమునకును వేళకు వచ్చి, ఉపాధ్యాయుడు చెప్పినదెల్ల శ్రద్ధగా వ్రాసికొని, ఇంటికి పోయి దానిని మరల పరిశుభ్రముగా ఎత్తివ్రాసెడివాడు. ఐన్‌స్టీన్ తనకు నచ్చిన పాఠములకే పోవును. తక్కిన వేళలలో గదిలో కూర్చుండి భౌతికశాస్త్రజ్ఞుల గొప్ప గ్రంథములను తనంతట తానే చదువుకొనును. గణితమునందు ఇన్ని శాఖలుండగా అందులో ఏది తనకు పనికివచ్చునో తెలియక, ఆయన ఆ కాలమున దానిని తగినంత లక్ష్యపెట్టలేదు. పరీక్షలు వచ్చినప్పుడు మిత్రుని పుస్తకములే శరణ్యము. లిమ్మట్ నదీతీరమున నున్న మెట్రోపోల్ అను కాఫీహోటలులో ఇరువురును తరచుగా కూర్చుండి శాస్త్రవిషయములను ముచ్చటించుకొనుచుండెడివారు. 1898లో జరిగిన మధ్యపరీక్షలో జరిగిన వింత యేమనగా, పుస్తకములను ఎరువు పుచ్చుకొన్నవాడు మొదటివాడుగను, వాటిని వ్రాసినవాడు రెండవవాడుగను తేలిరి. గ్రాస్‌మన్ ఇందుకు నొచ్చుకొన్నట్లు కానరాదు, పుస్తకములిచ్చుటయు మానలేదు.

1900లో కడపటి పరీక్షయందు ఆ తరగతిలో నలుగురు కృతార్థులైరి. ఈసారి ఐన్‌స్టీన్ నాలుగవవాడు. తక్కిన ముగ్గురికిని ఆ విద్యాలయముననే సహాయోపాధ్యాయుల పదవులు లభించెను. ఆయనకు మాత్రము లభింపలేదు. పాఠములకు రాని శిష్యుని గురువులు మరచిపోలేదని అనుకొనవలయును. రెండేండ్లు ఆయన స్థిరమైన జీవనము లేక, ఇంటింట పాఠములు చెప్పుచు, పత్రముల మీద పత్రములు వ్రాసికొనుచు గడపెను. అప్పుడు గ్రాస్‌మన్ తన తండ్రితో ఈ కష్టమును చెప్పెను. ఆ పెద్దమనుష్యుడు బెర్న్ నగరమున పేటెంటు కార్యాలయమునకు అధ్యక్షుడైన హాలర్‌తో మాటలాడి సిఫారసు చేసెను. 1902 జూనులో ఐన్‌స్టీన్ ఆ కార్యాలయమున మూడవ తరగతి ఉద్యోగిగా ప్రవేశించెను. అచ్చట పగలెల్ల ఇతరుల యంత్రముల నమూనాలను పరీక్షించుచు, మిగిలిన వేళలలో తన ఆలోచనలను సాగించి, 1905లో లోకమునకు తన మొదటి సాపేక్షసిద్ధాంతమును అందించెను. అదే సంవత్సరమున డాక్టరు పట్టమునకై వ్రాసిన గ్రంథమును ఆయన గ్రాస్‌మన్‌కు అంకితము చేసెను.

ఈలోపల గ్రాస్‌మన్ తన త్రోవను తాను నడచుచుండెను. క్షేత్రగణిత పండితుడగు ఫీడ్లర్ వద్ద సహాయకుడై, 1902లో డాక్టరు పట్టమును పొంది, ఫ్రావెన్‌ఫెల్డ్ పట్టణమునను, తరువాత బాసెల్ నందును పాఠశాలోపాధ్యాయుడుగా పనిచేసెను. 1903లో వివాహమాడెను. 1907లో ఫీడ్లర్ విరమింపగా ఆ గురుపీఠమే శిష్యునకు లభించి, తాను చదివిన పాలిటెక్నిక్‌లోనే ఆచార్యుడయ్యెను. ఆయన బోధించినది ఘనవస్తువులను సమతలమైన కాగితముమీద కొలత తప్పకుండ చిత్రించు విద్య. కట్టడములు కట్టువారికిని, యంత్రములు చేయువారికిని అది మిక్కిలి అవసరము. ఆ విద్యలో ఆయన పాఠ్యగ్రంథములను రచించెను. 1910లో స్విట్జర్లండు గణితసంఘమును స్థాపించిన మువ్వురిలో ఈయన యొకడు. ఆయన శాఖకును గురుత్వాకర్షణమునకును ఆవగింజంతయు సంబంధము లేదు. ఈ సంగతిని చదువరులు జ్ఞప్తియందుంచుకొనవలయును.

గురుత్వాకర్షణమునకు నియమమును 1687లో న్యూటన్ మహాశయుడు ప్రకటించియుండెను. గ్రహములును, సముద్రపు పోటుపాటులును, చెట్టునుండి రాలు పండును ఆ యొక్క నియమమునకే లోబడినవి. కాని సూర్యుని ఆకర్షణ భూమికి కాలవిలంబము లేకయే చేరునని ఆ నియమము చెప్పుచుండగా, వెలుతురుకంటె వేగముగా ఏదియు పోజాలదని 1905 నాటి సిద్ధాంతము చెప్పెను. రెండును పొసగవు. 1907లో బెర్న్ కార్యాలయమున కూర్చుండియుండగా ఐన్‌స్టీన్‌కు ఒక తలంపు తట్టెను. ఇంటికప్పుమీదినుండి జారిపడుచున్న వానికి ఆ క్షణమున తన బరువు తనకు తెలియదు. అతని చేతినుండి జారిన వస్తువు అతని ప్రక్కనే తేలుచున్నట్లుండును. బరువు అట్లు మాయమగునదే యైనచో, గురుత్వము మనము తలచునట్టి లాగుడు కాకపోవచ్చును. తలంపు పుట్టినది గాని, దానిని గణితభాషలో చెప్పు విధము ఆయనకు తోచలేదు.

ఇచ్చట మరియొక గణితజ్ఞుని పేరు చెప్పవలయును. పాలిటెక్నిక్‌లో ఐన్‌స్టీన్‌కు పాఠములు చెప్పిన మింకోవ్‌స్కీ 1908లో, స్థలమును కాలమును వేరువేరుగా గాక నాలుగు పరిమాణములు గల యొకే వస్తువుగా భావింపవలయునని నిరూపించెను. శిష్యుడు మొదట దీనిని పండితుల యలంకారముగా తలచి అంతగా ఆదరింపలేదు. పిమ్మట అది లేక తనకు అడుగు సాగదని తెలిసికొనెను. అప్పటికి మింకోవ్‌స్కీ జీవించియుండలేదు. 1909 జనవరిలో నలువదియైదవ యేటికి పూర్వమే గతించెను.

పాఠశాలలోని గ్లోబును చూడుడు. భూమధ్యరేఖమీద కొంత యెడముగా నిలిచిన రెండు ఓడలు నేరుగా ఉత్తరమునకు సాగినవనుకొందము. (ధ్రువమున మంచుగడ్డ అడ్డము రాదాయని అడుగు బాలురు ఆ చిక్కును ప్రస్తుతము మన్నింతురు గాక.) బయలుదేరునప్పుడు వాటి త్రోవలు సమాంతరములు. ఏ నావికుడును చుక్కానిని ఇటునటు త్రిప్పలేదు. అయినను అవి క్రమక్రమముగా దగ్గరకు జరిగి ధ్రువమున కలిసికొనును. భూమి గుండ్రనిదని ఎరుగని నావికుడు ఏదో శక్తి తమ ఓడలను ఒకదానివైపు ఒకదానిని లాగుచున్నదని తలచును. నిజమునకు లాగునది ఏదియు లేదు. ఓడలు తేలుచున్న తలమే వంగియున్నది. గురుత్వమును ఇట్టిదే యైయుండునని, బరువైన వస్తువులు స్థలకాలములనే వంచుచున్నవని ఐన్‌స్టీన్ ఊహింపసాగెను. అయితే వంపుదేరిన నాలుగు పరిమాణముల స్థలమును కొలుచు గణితమెక్కడ?

1911లో ప్రేగ్ నగరమున ఆచార్యుడుగా నున్న ఐన్‌స్టీన్‌ను జ్యూరిచ్ పాలిటెక్నిక్‌కు రప్పించుటకు, అప్పటికి ఆ శాఖకు అధిపతియైన గ్రాస్‌మన్ పూనుకొనెను. 1912 వేసవిలో ఐన్‌స్టీన్ వచ్చెను. వచ్చినవెంటనే మిత్రునిచెంతకు పోయి, తన చిక్కును విన్నవించి, సహాయము చేయకున్న మతి చెడునని మొరపెట్టుకొనెనని తోటి విద్యార్థి యొకరు పిమ్మట వ్రాసియున్నారు. తాను కోరునది ఏమో ఐన్‌స్టీన్‌కు స్పష్టముగనే తెలియును. అట్టిది లోకమున ఉన్నదో లేదో తెలియదు. గ్రాస్‌మన్ సహాయము చేయుటకు ఒప్పుకొనెను గాని, ఒక నియమము పెట్టెను. గణితమునకు మాత్రమే తాను జవాబుదారి. దానికి ప్రకృతిలో కల్పించు అర్థమునకు తాను పూచీపడడు. తన శాఖ కాని గణితమును గ్రంథాలయమున వెదకి, కొలది కాలములోనే తెచ్చి మిత్రుని ముందుంచెను.

ఆ తెచ్చినదాని పుట్టుపూర్వోత్తరములు మిక్కిలి రమ్యములు. గెటింగెన్ విశ్వవిద్యాలయమున 1854 జూన్ 10వ తేదీన రీమన్ అను ఇరువదియేడేండ్ల యువకుడు, గౌస్ మహాపండితుని సమక్షమున, క్షేత్రగణితపు పునాదులను గూర్చి ఉపన్యసించెను. ఈ రీమన్ ఒక లూథరన్ బోధకుని కుమారుడు. బీదతనమును దైవభక్తియు కలిసియుండు అట్టి గృహములు మన చదువరులలో పలువురకు తెలిసినవే. తండ్రి కోరికపై వేదాంతము చదువుటకు గెటింగెన్ చేరి, తండ్రి అనుమతితోనే గణితమునకు మరలెను. ఎన్ని పరిమాణములు గల స్థలమైనను, దాని వెలుపలికి పోకుండగనే దాని వంపును కొలువవచ్చునని ఆ యుపన్యాసము తెలిపెను. క్షయరోగము సోకి ముప్పదితొమ్మిదవ యేట, 1866లో, ఆయన ఇటలీ దేశమున మరణించెను. ఉపన్యాసము అచ్చుపడినది 1868లో. మరుసటి సంవత్సరమున క్రిస్టాఫెల్ అను పండితుడు దానిని సమీకరణముల రూపమునకు తెచ్చెను. ఈయన అంతకుముందు జ్యూరిచ్ పాలిటెక్నిక్‌లోనే ఏడేండ్లు ఆచార్యుడై యుండెను. పిమ్మట ఇటలీలో రిచ్చి, అతని శిష్యుడు లెవీ-చివిటా దానిని పెంచి 1900 ప్రాంతమున ఒక సమగ్రమైన విద్యగా ప్రకటించిరి. నేడు దానికి టెన్సార్ గణితమని పేరు. గణితజ్ఞులలోనే పలువురు దానివలన ప్రయోజనమేమియని అనుకొనుచుండిరి.

1912 శీతకాలమున ఇరువురును కలిసి పనిచేసిరి. ఆ దినములలో ఐన్‌స్టీన్ లెక్కలు వేసికొనిన నోటుపుస్తకము ఇంకను భద్రముగా నున్నది. అందొక పుటలో రీమన్ వంపును తెలుపు పెద్ద సూత్రమును వ్రాసి, దాని ప్రక్కన గ్రాస్‌మన్ పేరు ఐన్‌స్టీన్ తన చేతితో వ్రాసికొనెను. ముందరి పుటలను త్రిప్పి చూచిన విద్వాంసులు ఆశ్చర్యపడిరి. మూడేండ్ల తరువాత లోకము మెచ్చిన సమీకరణములకు అత్యంత సమీపమునకు ఆ మిత్రులు అప్పుడే చేరియుండిరి.

చేరినదానిని వారు త్రోసివేసిరి. ఎందుకనగా, గురుత్వము మిక్కిలి బలహీనముగా నున్నచోట క్రొత్త సూత్రము న్యూటన్ సూత్రముగా మారవలయును. గణితము చూపిన సూత్రము అట్లు మారదని వారికి తోచెను. బలహీనమైన గురుత్వము కాలమును మాత్రమే మార్చునని, స్థలము సమతలముగనే యుండునని ఐన్‌స్టీన్ మునుపటి ఆలోచనలవలన నమ్మియుండెను. అది పొరపాటు. కాని గణితమునకు మాత్రమే పూచీపడెదనన్న గ్రాస్‌మన్ ఆ నమ్మకమును ప్రశ్నింపలేదు. 1913లో ఇరువురి పేర ఒక చిన్న గ్రంథము వెలువడెను. భౌతికభాగమును ఐన్‌స్టీన్, గణితభాగమును గ్రాస్‌మన్ వ్రాసిరి. గురుత్వమును ఒక్క సంఖ్యతో గాక పది రాశులతో వర్ణింపవలయునను మహావిషయము అందున్నది. కాని సరియైన సూత్రము బలహీన గురుత్వమున చెల్లదన్న వాక్యమును తన భాగమున వ్రాసినవాడు గ్రాస్‌మనే. చేతికందినదానిని కాదని, దాని కాదనుటకు తన గణితమునే సాక్ష్యమిచ్చిన ఈ ఘట్టము ఆయన జీవితములో మిక్కిలి విచారకరమైనదని మా యభిప్రాయము.

ఆ సిద్ధాంతము వికటించుచున్నదనుటకు గుర్తు త్వరలోనే కనబడెను. బుధగ్రహపు కక్ష్య నూరేండ్లకు 43 వికలలు, అనగా డిగ్రీని 3600 భాగములు చేసినచో అట్టి 43 భాగములు, న్యూటన్ లెక్కకు మించి తిరుగుచున్నది. 1913లో ఐన్‌స్టీన్, మికేలె బెస్సో అను మరియొక మిత్రునితో కూడి లెక్కింపగా 18 మాత్రమే వచ్చినవి. ఆ లెక్కను ఆయన ప్రకటింపలేదు.

1914లో మిత్రులిద్దరును కలిసి మరియొక వ్యాసమును వెలువరించిరి. ఆ సంవత్సరము ఏప్రిలులో ఐన్‌స్టీన్ బెర్లిన్ నగరమునకు వెడలిపోయెను. ఆగస్టులో మహాయుద్ధము చెలరేగెను. వారి సహకారము అంతటితో ముగిసెను. 1915 వసంతమున లెవీ-చివిటా ఇటలీనుండి ఉత్తరములు వ్రాసి, ఐన్‌స్టీన్ నిరూపణమునందలి తప్పును ఎత్తిచూపెను. ఆ వేసవిలో ఐన్‌స్టీన్ గెటింగెన్ పోయి ఆరు ఉపన్యాసములిచ్చెను. ఆనాటి గణితజ్ఞులలో అగ్రగణ్యుడైన హిల్బర్ట్ వాటిని విని, తానును ఈ సమస్యకు పూనుకొనెను.

నవంబరు నెలలో ఐన్‌స్టీన్ మరల మూడేండ్ల క్రిందటి పుస్తకపు దారికి వచ్చెను. గ్రాస్‌మన్‌తో పనిచేసిన కాలమున బరువెక్కిన మనస్సుతో విడిచిన మార్గమునే తిరిగి తొక్కుచున్నానని 4వ తేదీన సమర్పించిన వ్యాసమున ఒప్పుకొనెను. 11, 18, 25 తేదీలలో తక్కిన వ్యాసములు వచ్చినవి. 18వ తేదీ వ్యాసమున బుధగ్రహపు 43 వికలలును సరిగా లభించినవి. 25వ తేదీన కడపటి సమీకరణములు వెలువడినవి. హిల్బర్ట్ తన వ్యాసమును ఐదు దినములకు పూర్వమే, 20వ తేదీన, సమర్పించియుండెను. మొదటివారెవరను వివాదము దీర్ఘకాలము నడచెను. హిల్బర్ట్ వ్యాసపు తొలి అచ్చుప్రతులు 1997లో వెలుగులోనికి రాగా, అందు సమీకరణములు కడపటి రూపమున కనబడలేదు. ఆ ప్రతిలో కొంతభాగము కత్తిరింపబడియున్నందున వాదము పూర్తిగా అణగలేదు. హిల్బర్ట్ మాత్రము ఈ సిద్ధాంతము ఐన్‌స్టీన్‌దేయని ఎల్లప్పుడును ఒప్పుకొనుచుండెను. కొలది వారములు ఇరువురి నడుమ మనస్పర్ధ కలిగినను, ఆ డిసెంబరులోనే ఐన్‌స్టీన్ స్నేహముతో ఉత్తరము వ్రాసి దానిని తుడిచివైచెను.

గ్రాస్‌మన్ సంగతి యేమి? 1915 జూలైలో ఐన్‌స్టీన్ ఒక ఆచార్యునకు వ్రాసిన ఉత్తరమున, గ్రాస్‌మన్ తనకు గణితగ్రంథములలో దారి చూపెనే గాని ఫలితములకు వాస్తవముగా తోడ్పడలేదని వ్రాసెను. మరుసటి సంవత్సరము, 1916లో, సంపూర్ణసిద్ధాంతమును ప్రకటించిన గ్రంథపు ప్రారంభముననే, గ్రంథములు వెదకు శ్రమను తప్పించుటయే గాక సమీకరణముల యన్వేషణమునందును తనకు సాయపడెనని ఆయనకు కృతజ్ఞత తెలిపెను. రెండు మాటలును ఒక్కడు వ్రాసినవే. మాకు రెండవదియే న్యాయముగా తోచుచున్నది. 1919 మే 29వ తేదీ సూర్యగ్రహణమున ఇంగ్లీషు జ్యోతిశ్శాస్త్రజ్ఞులు నక్షత్రకాంతి సూర్యునిచెంత వంగుటను కొలిచి, నవంబరు 6వ తేదీన లండనులో ప్రకటింపగా ఐన్‌స్టీన్ పేరు లోకమంతట మారుమ్రోగెను. ఆ కోలాహలమున గ్రాస్‌మన్ పేరు వినబడలేదు.

ఆయనకు అప్పటికే నరములను మెల్లమెల్లగా పాడుచేయు వ్యాధి సంక్రమించియుండెను. నడక తడబడెను, మాట తొట్రుపడెను. నల్లబల్లపై చక్కని బొమ్మలు గీయుటయే వృత్తిగా గల మనుష్యునకు చేయి స్వాధీనము తప్పుట యెట్టిదో ఊహింపవచ్చును. 1927లో ఆచార్యపదవిని విడువవలసి వచ్చెను. అయినను బుద్ధి మందగింపలేదు. ఐన్‌స్టీన్ ప్రకృతిశక్తుల నన్నిటిని ఒకే సూత్రమునకు తేవలయునని క్రొత్త క్షేత్రగణితమును అవలంబింపగా, దాని పునాది సరికాదని 1931లో గ్రాస్‌మన్ బహిరంగముగా వ్యాసము వ్రాసెను. లోకమెల్ల పొగడుచున్న మిత్రుని గణితమున తప్పుపట్టుటకు ఆయన వెనుదీయలేదు. ఆ ప్రయత్నమును ఐన్‌స్టీన్ తరువాత విడిచిపెట్టెను.

1936 సెప్టెంబరు 7వ తేదీన గ్రాస్‌మన్ జ్యూరిచ్‌లో మరణించెను. ఐన్‌స్టీన్ అప్పటికి అమెరికాలో నివసించుచు, ఆయన భార్యకు ఓదార్పు లేఖ వ్రాసెను. గ్రాస్‌మన్ ఉపాధ్యాయులకు మెచ్చుకోలైన విద్యార్థి యని, తాను చిందరవందరగా తిరుగు స్వప్నజీవి నని, అట్టి తనకు అతడు చేయూత యిచ్చెనని అందు జ్ఞాపకము చేసికొనెను. 1955 మార్చి నెలలో, తన మరణమునకు ఒక మాసము ముందు, పాలిటెక్నిక్ శతవార్షికోత్సవ సంచికకై వ్రాసిన వ్యాసమునందును ఆయన మరల గ్రాస్‌మన్‌ను తలచుకొనెను.

1975 మొదలుకొని గురుత్వాకర్షణ పండితులు కొన్ని యేండ్లకొకమారు జరుపుచున్న అంతర్జాతీయ సభలకు మార్సెల్ గ్రాస్‌మన్ సభలని పేరు. మెట్రోపోల్ హోటలుబల్లపై చేతులు మారిన ఆ పాఠముల పుస్తకములు జ్యూరిచ్ పాలిటెక్నిక్ గ్రంథాలయములో ఉన్నవి. వ్రాత నేటికిని స్పష్టముగా చదువనగును.